నన్ను బ్లీచింగక్క అనేటోళ్లు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ల సంపు కడిగిన్రు. పొద్దున్నే నీళ్లు బందని వాట్సాప్‌ల మెసేజ్ పెట్టిన్రట, నేను చూసుకోలే, బకెట్ పట్టుకొని కిందికి పోయిన. వాచ్‌మన్ సంపుల దిగి గోడలు రుద్ది పైకొచ్చి, ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీసి పొడి చల్లుతున్నడు. తడి సిమెంటు మీద బ్లీచింగ్ పొడి పడితే ఒక వాసన వస్తది కదా, గొంతుల గీరినట్టు, కండ్లల్ల నీళ్లు తిరిగేటట్టు, అది ముక్కుల పడ్డది. అందరు ముక్కు మూసుకొని పోతున్నరు, నేను ఖాళీ బకెట్ తోని ఆడనే నిలబడ్డ. "జరుగుండ్రి మేడమ్, మీకు పడదు" అన్నడు ఆయన.

పడదా! రెండేండ్లు నా చున్నీకి, నా టిఫిన్ డబ్బాకి, నా చేతివేళ్లకి ఇదే వాసన. ఒక ఊరు ఊరంత నాకు పెట్టిన పేరే బ్లీచింగక్క. నా అసలు పేరు ఆ ఊర్ల పది మందికి కూడా ఎరుక ఉండకపోవచ్చు.

అప్పుడు నేను నల్గొండల డిగ్రీ చదువుతున్న. కాలేజీల ఎన్ఎస్ఎస్ ఉండె, క్యాంపు అని మమ్మల్ని మర్రిగూడ దిక్కు ఒక ఊరికి తోల్కపోయిన్రు. బాటకు మొరం పోసుడు, మోరీలు తీసుడు, రాత్రి బడి వరండల పాటలు. నిజం చెప్తున్న, నేను పోయింది సేవ కోసం కాదు, సర్టిఫికెట్ వస్తది, పైగ ఇంట్ల అమ్మ చూపు తప్పించుకొని కొన్ని రోజులు బయట ఉండొచ్చు. ఆ ఊర్ల ఒక ట్రస్టోళ్ల చిన్న దవాఖాన ఉండె. క్యాంపు ఆఖరి రోజు అక్కడి నర్సమ్మ నన్ను పట్టుకున్నది. "వారానికి రెండు దినాలు రా బిడ్డా. నేను చెప్తే రోజూ చెప్పేదే కదా అంటరు. కాలేజీ పిల్ల చెప్తే ఇంటరు" అన్నది. సరే అన్న. ఎందుకన్ననో ఇప్పటికీ తెల్వదు. శని, ఆదివారాలు పోవుడు మొదలుపెట్టిన, డిగ్రీ అయిపోయినంక దాదాపు రోజూ. జీతం గీతం లేదు, బస్సు చార్జీలు, పగటిపూట అన్నం.

దవాఖాన అంటే పెద్దగ ఊహించుకోకండ్రి. రెండు అర్రలు, ముంగట బెంగుళూరు పెంకల వసార, వాకిట్ల యాపచెట్టు. డాక్టరు సారు మంగళవారం, శుక్రవారం వచ్చేటోడు, మిగిలిన రోజులన్ని నర్సమ్మ రాజ్యమే. సూర్యాపేట దిక్కు మనిషి, నలభై దాటినయి, తెల్ల చీర, నల్ల గొడుగు, దవడల ఎప్పుడూ ఒక వక్కపలుకు. పొద్దుగాల నైట్‌హాల్ట్ బస్సు హారన్ కొట్టుకుంట పోయినంక ఊర్ల ఇనపడే రెండో సప్పుడు మా దవాఖానదే. పంపుస్టవ్ మీద గిన్నెల గాజు సిరంజీలు ఉడుకుతుంటె ఒకదానికొకటి తాకి టింగు టింగుమనేవి. ఆ సప్పుడు ఇంటే చాలు, వాకిట్ల గోలీలాడే పోరగాళ్లు ఒక్కడు కనపడకపోయేది. స్టవ్ కిరసనాయిలు వాసన, స్పిరిట్ వాసన, గాయాలకు పూసే నీలం మందు మరకలు బల్ల మీద. ఆ మరకలు ఎంత తోమినా పోకపోయేవి.

మందునీళ్లకు సీసాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలె. కాంపౌండరు ఆ సీసాకు పక్కన కాయితం పట్టీ అతికిచ్చి, కత్తెరతోని గాట్లు పెట్టి ఇచ్చేటోడు, ఒక్కో గాటు ఒక్కో పూట. చదువు రానోళ్లకు కూడా లెక్క తప్పకపోయేది. అందరు తెచ్చేవి ఖాళీ క్వార్టర్ సీసాలే. 1995ల మద్యనిషేధం పెట్టినంక ఊర్ల సీసాలకు కరువొచ్చింది, ఒకాయన ఏకంగ కిరసనాయిలు సీసా కడిగి తెచ్చిండు. నర్సమ్మ దాన్ని వాసన చూసి, "దీంట్ల మందు పోస్తే నీ దగ్గు కాదు, నువ్వే పోతవు" అని ఎల్లగొట్టింది. 

ఇగ నా పేరు సంగతి. ఊరికి మంచినీళ్ల చేదబాయి ఒకటుండె, రెండు బోరింగులుండె. వానకాలం మొదలైతే చాలు కక్కుడు, పారుడు. అందుకని బాయిల బ్లీచింగ్ వేసే పని నాకు అప్పజెప్పిన్రు. నాకు అది లెక్కల పరీక్ష లెక్క అనిపించేది. ముడులేసిన తాడు బాయిల ఇడిచి లోతు చూసుడు, బాయి అడ్డం కొలుసుడు. అడ్డాన్ని అడ్డంతోని గుణించి, లోతుతోని గుణించి, మళ్ల 3.14 తోని గుణించి నాలుగుతోని భాగించాలె. అడ్డం 4 మీటర్లు, నీళ్లు 3 మీటర్లు ఉంటె 37 వేల లీటర్ల పైన వస్తయి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల పొడి, అంటే దగ్గర దగ్గర 94 గ్రాములు. నేను బాయి గడ్డ మీద కూసొని నోటుబుక్కుల ఇదంత చేస్తుంటె నీళ్లకొచ్చిన ఆడోళ్లు బిందెలు సంకల పెట్టుకొని నవ్వుకుంట చూసేటోళ్లు. "బాయికి కూడ జాతకం రాస్తున్నవా అక్కా" అని ఒకామె.

పొడిని అట్లనే బాయిల గుమ్మరించొద్దు. బకెట్ల నీళ్లల్ల కలిపి, కాసేపు ఉంచితే సున్నం అడుగుకు దిగుతది, మీది తేట నీళ్లు ఇంకో బకెట్లకు వంచి, తాడు కట్టి బాయిల ఇడిచి కిందికీ మీదికీ గుంజాలె. ఆ తర్వాత గంటసేపు ఎవ్వరూ నీళ్లు చేదొద్దు. అసలు కష్టం ఆడ ఉండేది. తెల్లారంగనే నీళ్లు కావాల్సినోళ్లను గంట ఆపుడంటే మాటలా! గిలక కాడ కావలి కూసునేదాన్ని. ఒకామె బుదురకిచ్చేది, ఒకామె తిట్టేది, ఒకామె "పిల్లకు బడికి ఆలస్యమైతది బ్లీచింగక్కా, ఒక్క చేద" అని గదువ పట్టుకునేది. ఒక ముసలాయన మాత్రం గంట అయినంక కూడ ఒక గుక్క పుక్కిట్ల పోసుకొని తూ అని ఊంచిండు. "గీ పోరి బాయిల దవాఖాన కలిపింది" అన్నడు. 

ఆ మాట ఊరంత పాకింది. మెల్లగ చాలా ఇండ్లోళ్లు బాయి ఇడిచిపెట్టి బోరింగుకు మళ్లిన్రు. మేము సంతోషపడ్డం. ఎందుకంటె మేము చెప్పేది కూడ అదే కదా. మా దగ్గర గోడకు తగిలేసే బొమ్మల పుస్తకం ఒకటుండె, పేజీ తిప్పుకుంట చెప్పాలె. దాంట్ల ఒక పేజీల ఒక దిక్కు బాయి, దాని మీద ఎర్ర ఇంటు గుర్తు. ఇంకో దిక్కు బోరింగు, దాని మీద పచ్చ రంగు రైటు గుర్తు. బోరింగు నీళ్లే శుభ్రం, బోరింగు నీళ్లే తాగండ్రి అని నేను గొంతు చించుకొని ఎన్ని వాడలల్ల చెప్పిన్నో లెక్కలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండ్రి, మళ్ల వస్త దీని కాడికి.

బడి పిల్లలతోని మాత్రం మస్తు మజా ఉండేది. చేతులు కడుక్కోండ్రి అంటే ఎవడింటడు, అందుకని ఒక ఉపాయం చేసిన. ఒకని అరచేతులకు ముగ్గుపిండి పూసి, "పో, నీ దోస్తులతోని ఆడుకొని రా" అని తోలేదాన్ని. పావుగంట అయినంక అందరిని వరుసగ నిలబెడితే, ఒకని ముక్కు మీద ముగ్గు, ఒకదాని జడకు ముగ్గు, ఒకని పలక మీద, ఒకని పెదవుల మీద, ఆఖరికి సారు కుర్చీకి కూడ. "ఇది కనపడే ముగ్గు, కనపడనిది ఇంకెంత అంటుతదో చూడుండ్రి" అంటే అప్పుడు కిక్కురుమనకపోయేటోళ్లు. లైఫ్‌బాయ్ సబ్బు దారంతోని ఆరు ముక్కలు కోసి, ముక్కకు బొక్క పెట్టి, సుతిలి కట్టి బోరింగు కాడ ఏలాడదీసేదాన్ని. రెండు దినాలల్ల మాయం. ఎవరింటికో తానానికి పోయేది. తప్పు పట్టలేం, తానం సబ్బు చాలా ఇండ్లల్ల పండుగకే. అందుకే తర్వాత సబ్బు మాట బందు పెట్టి బూడిద చెప్పిన. బూడిద ప్రతి ఇంట్ల ఉంటది, ఎవరు ఎత్తుకపోరు.

ఉప్పు చక్కెర నీళ్లు కూడ అట్లనే. లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు అని నేను పుస్తకం మాట చెప్పేదాన్ని. లీటరంటె ఎంత అనేటోళ్లు. ఐదు గిలాసలు అంటే, మా గిలాసా, హోటల్ గిలాసా అనేటోళ్లు. నర్సమ్మ ఒక్క మాటల తేల్చింది: "కలిపినంక నువ్వు నాలిక మీద ఏసుకొని చూడు. కన్నీళ్ల కంటె ఉప్పగ ఉంటే పారబొయ్యి." కన్నీళ్లు ఎట్లుంటయో ఎరుకలేని ఆడమనిషి ఆ ఊర్ల ఎవరు లేరు కాబట్టి ఆ కొలత అందరికి కుదిరింది.

శనివారం సూదుల దినం. ఐసు డబ్బా పట్టుకొని వాడవాడకు తిరుగుడు. తట్టు వస్తే అమ్మవారు వచ్చింది అని యాపమండలు కట్టి తలుపులు మూసేటోళ్లు, ఆ ఇంట్లకు సూది పట్టుకొని పోతే ఎట్లుంటదో మీరే అనుకోండ్రి. నర్సమ్మ గడప కాడ చెప్పులిడిచి, ముందు యాపమండకు దండం పెట్టి, ఆ తర్వాతనే పక్కింటి పిల్లల గురించి అడిగేది. మొక్కుడెందుకమ్మా అని ఒకసారి అడిగితే, "దండం పెడితే నాది పోయేదేమున్నది, వీళ్ల పిల్లకు సూది పడ్తది" అన్నది.

మంత్రసాని అవ్వ గురించి రాయకుంటె ఈ పోస్టే దండుగ. ఊర్ల సగం మందిని ఆమె చేతులే పట్టుకున్నయి. ఆమెకు మేము శిక్షణ ఇయ్యాలె, అది కార్యక్రమం. ఐదు శుభ్రాలు అని ఉండేవి: చేతులు, పక్క, బ్లేడు, దారం, కోసిన బొడ్డు. ఒక చిన్న సంచిల కొత్త బ్లేడు, దారం, సబ్బు ముక్క, ప్లాస్టిక్ షీటు పెట్టి ఇచ్చేటోళ్లం. కొడవలితోని కోసుడు, బొడ్డుకు పేడ బూడిద పూసుడు బందు చేయించాలె, ధనుర్వాతంతోని పసిపిల్లలు పోతరని చెప్పాలె. ఇరవై ఏండ్ల దాన్ని, పెండ్లి కూడ కాలేదు, ఆమెకు కాన్పు గురించి పాఠం చెప్పుతున్న. అవ్వ అంత ఇని, "నీకు ఎంతమంది పిల్లలు బిడ్డా?" అన్నది. దవాఖాన అంత నవ్వు. 

కానీ పట్టించుకున్నది. కొడవలి ఇడిచింది, బ్లేడు పట్టింది. ముర్రుపాలు పిండి పారబోసేటోళ్లను ఆమెనే గదమాయించేది, "దూడకు తాపుతవు గని నీ పిల్లకు తాపవా?" అని. ఆ మాట నా బొమ్మల పుస్తకం మొత్తం కంటె ఎక్కువ పనిచేసింది.

ఒకసారి మాకు ఒక ఫారం ఇచ్చిన్రు. ఇంటింటికి పోయి మూడు పరీక్షలు చేయించి రాయాలె. మెడ వంచి గదువ ఎదకు ఆనించుడు. మోకాళ్లు మడవకుండ వంగి కాళ్లవేళ్లు ముట్టుకొనుడు. రెండు చేతులు లేపి తల వెనుక పెట్టుకొనుడు. పిల్లలకు అది ఆట అయింది, మా ఎనుక గుంపు పడి మేము చెప్పకముందే వంగుడు, లేసుడు. పిల్లలు నవ్వితే పండ్ల మీద గోధుమరంగు చారలు కనపడేవి, అప్పటికి మేము దానికి అలవాటుపడి పట్టించుకోకపోయేటోళ్లం, ఆ దిక్కు పండ్లే అంత అనుకునేటోళ్లం. 

అవ్వ వాకిట్ల చాటల జొన్నలు చెరుగుతున్నది. "వంగు అవ్వా" అన్న. మెడ కొంచెం కదిలింది, గదువకూ ఎదకూ మధ్యల జానెడు సందు. అంతే. చేతులు చెవుల దాక వచ్చి ఆగినయి. కాళ్లవేళ్ల సంగతి ఆమెనే వద్దన్నది. అన్ని దినాల సంది చూస్తున్న, ఆమె పక్కకు చూడాలంటే మెడ కాదు, మొత్తం మనిషే తిరుగుతది. ముసలితనం అనుకున్న. అడిగితే వయసు యాభై కూడ సక్కగ లేదు.

అవ్వ చాట పక్కన పెట్టి అడిగింది. "చేతులు కడగమంటివి, కడిగిన. నీళ్లు కాగబెట్టమంటివి, కాగబెట్టిన. బోరింగు నీళ్లే తాగమంటివి, మా కోడలు ఆన్నుంచే తెస్తున్నది. మరి నా మెడ ఎందుకు వంగుతలేదు బిడ్డా?"

తెల్వదన్న. ఫారంల ఇంటు గుర్తు పెట్టుకొని వచ్చిన. 

శుక్రవారం డాక్టరు సారును అడిగిన. ఆయన రిజిస్టరు రాసుకుంటనే చెప్పిండు. కాగబెడితే పురుగు చస్తది, బొక్కలు బిగదీసి పండ్లకు చారలు తెచ్చే ఫ్లోరైడ్ పోదు, పైగ నీళ్లు ఆవిరైపోయి మిగిలిన దాంట్ల ఇంకింత చిక్కగైతది. మన దిక్కు రాయిలనే ఉన్నది అది, బోరు లోతుకు పోయిన చోట్లనే ఎక్కువ పడ్తది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు, ఈడ దాని మీద ఎన్నో రెట్లు. అంత మామూలుగ, వాన పడ్తదా పడదా అని చెప్పినట్టు చెప్పిండు. నాకు మాత్రం ఆ పచ్చ రైటు గుర్తు కండ్ల ముంగట తిరుగుతున్నది.

ఆ రాత్రి నర్సమ్మతోని కొట్లాడిన. మనం అబద్ధం చెప్తున్నం అన్న. ఆమె వక్క నములుడు ఆపి, "బాయి నీళ్లు తాగితే ఈ వారమే పిల్ల పోతది. బోరింగు నీళ్లు తాగితే ముప్పై ఏండ్లకు మెడ పోతది. నువ్వు ఏ నీళ్లు తాగమంటవో పోయి చెప్పు" అన్నది. కోపంగ అనలే. ఆమె దాన్ని నాకంటె ఎన్నేండ్ల ముందే ఆలోచించి, ఒక దిక్కు తేల్చుకున్నదని అప్పుడు సమజయింది. ఆ తర్వాత నేను బొమ్మల పుస్తకం చెప్పేటప్పుడు ఆ పేజీ కాడికి రాంగనే రెండు పేజీలు కలిపి తిప్పేదాన్ని. ఎవ్వరూ గుర్తుపట్టలే. పిల్లలు ఒకరిద్దరు, "అక్కా, బోరింగు బొమ్మ పోయింది" అన్నరు.

మాకు ఒక ఉపాయం కూడ ఉండె, దానికి మా జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. నాగపూర్ల నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు 1970లల్ల కనిపెట్టింది. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పొడి నీళ్లల్ల కలిపి, బాగ తిప్పి, గంటకు పైన కదలకుండ ఉంచితే ఫ్లోరైడ్ గసితోని అడుగుకు దిగుతది, మీది తేట తాగొచ్చు. ప్రపంచంల ఎక్కడెక్కడనో పుస్తకాలల్ల మా ఊరి పేరు ఉన్నదంటె గొప్పగ చెప్పుకోవాల్నో ఏడ్వాల్నో ఇప్పటికీ సమజ్ కాదు. నల్లా బిగిచ్చిన బకెట్లు ఒక ఇరవై ఇండ్లకు పంచినం. పటిక ఎక్కువైతే నీళ్లు వగరు, సున్నం ఎక్కువైతే నోరు జిడ్డు, రోజూ కలుపుడు, రోజూ గసి పారబోసుడు, కూలికి పోయే ఆడమనిషి పొద్దున నాలుగింటికి లేసి ఇది కూడ చెయ్యాలె. రెండు నెలలకు పోయి చూస్తే ఒక ఇంట్ల బకెట్ల బియ్యం, ఒక ఇంట్ల ఉల్లిగడ్డలు, ఒక ఇంట్ల కోడి పొదుగుతున్నది. అవ్వ ఇంట్ల మాత్రం కోడలు దాన్ని కడిగి బోర్లించి పెట్టింది. "నువ్వొస్తవని ఎరుక" అన్నది అవ్వ.

1996 పార్లమెంటు ఎన్నికలు అప్పుడే. నీళ్ల కోసం, ఫ్లోరైడ్ గోస దేశానికి తెల్వాలని నల్గొండల వందల మంది నామినేషన్లు వేసిన్రు. మొత్తం 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడ్డది. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలే, ఆ తర్వాత 10 వేలు చేసిన్రు. మా దవాఖాన వసారల పేపరు చదివి ఇనిపిస్తుంటె ముసలోళ్లంత నవ్విన్రు. అవ్వ ఒక్కతే నవ్వలే. "అన్ని పేర్లల్ల మన గుర్తు ఎట్ల ఎతుక్కోవాలె?" అన్నది, చానా సీరియస్‌గ.

ఆ మరుసటేడు నాకు పెండ్లి అయింది, హైదరాబాద్ వచ్చిన. ట్రస్టోళ్లకు పైసలు రాక దవాఖాన మూతపడ్డదని విన్న. నర్సమ్మ రిటైరై కొడుకు కాడికి పోయిందని ఎవరో చెప్పిన్రు. పోయి చూడాలె చూడాలె అనుకుంటనే ఏండ్లు గడిచినయి, అది నా తప్పే.

రెండేండ్ల కింద చండూరుల ఒక పెండ్లికి పోయి, ఆటో మాట్లాడుకొని ఆ ఊరికి పోయిన. దవాఖాన పెంకలు లేవు, యాపచెట్టు ఉన్నది. చేదబాయి మీద సిమెంటు పలకలు కప్పిన్రు. 2015ల చౌటుప్పల్ల పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పైపులు ఆ ఊరికి కూడ వచ్చినయి, ప్రతి ఇంటి ముంగట నల్లా, కృష్ణ నీళ్లు. అవ్వ ఇల్లు అడుగుతే ఒకామె బయటికొచ్చింది. అవ్వ మనుమరాలు, ఇప్పుడు ఊర్ల ఆశ వర్కరు. అవ్వ పోయి చానేండ్లయిందట. ఆఖరి రోజులల్ల మంచంల పక్కకు తిరగాలన్నా ఇద్దరు పట్టాల్సి వచ్చేదట.

నన్ను గుర్తుపట్టలే ముందు. నేను ఊరోళ్ల పేర్లన్ని చెప్పి ఆఖరికి "బ్లీచింగక్క" అన్న. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె పండ్లు నాకు యాదికున్నయి, ముగ్గుపిండి పూసిన పిల్లలల్ల ఆమె కూడ ఒకతి. పక్కన ఆమె కొడుకు, ఏడేండ్లు ఉంటయేమో, నోరంత తెరిచి నన్నే చూస్తున్నడు, కొంగు గింగు అవసరం లేని పండ్లు.

ఎండ బాగ ఉండె, నీళ్లడిగిన. లోపట ఇరవై లీటర్ల క్యాను కాడికి పోతుంటె, "నల్లా నీళ్లు లేవా?" అన్న.

"ఉన్నయక్కా, రోజూ వస్తయి. నేను ఇంటింటికి తిరిగి చెప్తున్న అవే తాగండ్రని, మీటింగులు పెడ్తున్న, ఎవ్వరింటరు? పైసలిచ్చి క్యాను కొనుక్కుంటరు. మా ఇంట్ల మా ఆయననే ఇనడు. నల్లా నీళ్లకు బ్లీచింగ్ వాసనొస్తదట."

క్యాను వద్దన్న. బయటి నల్లా కాడికి పోయి చెంబు పట్టుకున్న. ఆమె, పిల్లగాడు ఇద్దరు చూస్తున్నరు. ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసిన, ఉన్నది, కొంచమే. చెంబెడు తాగిన. పిల్లగాడు వాళ్లమ్మ కొంగు గుంజి, "అమ్మా, ఆమె తాగింది" అన్నడు.